మూడో ఓవెన్ జిగురు

సెప్టెంబరు 18, సోమవారం

మూడో ఓవెన్‌లో మళ్ళీ చుక్క పడింది. పొద్దున ఒకటి, భోజనాల తర్వాత మూడు. సర్క్యూట్ బోర్డు బయటికి వచ్చేసరికి సరిగ్గా పెద్ద చిప్ పక్కన ముదురు పాకంలా గోధుమరంగు చుక్క. వేలు పెడితే తీగ సాగింది.

ఈ బోర్డులు పోయేది ఆసుపత్రుల్లో సెలైన్ ఎక్కించే పంపుల్లోకి. ఆటబొమ్మల్లోకి కాదు.

చిప్‌లని బోర్డుకి అతికించే సోల్డర్‌లో ఉండే ఫ్లక్స్ వేడికి పొగవుతుంది. పొగ చల్లటి రేకుకి తగిలితే జిగురవుతుంది. జిగురు ఎక్కువైతే కారుతుంది. పదహారేళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఈ మూడు ముక్కలే చెబుతున్నాను. రేకులు తుడవాలి, జిగురు సీసా ఖాళీ చెయ్యాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

తుడిచినట్టు కాగితం మీద సంతకం ఉంది. నికానోర్ సంతకం. ఆరు రోజులకూ ఆరు, ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు. ఒకేసారి కూర్చుని ఆరూ పెట్టేసినట్టు.

తిహువానా ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. అక్కడెందుకు మానేశాడో ఎవరికీ చెప్పలేదు. ఇంజనీరు బెర్ముదెస్‌కి మాత్రం వాడంటే తెగ ఇష్టం.

సెప్టెంబరు 19

మా ఆయన ఫిదెన్సియో కాఫీ మార్చాడు. దాల్చినచెక్క వేశానంటాడు, వేడినీళ్ళలా ఉంది. ఎప్పటి కొట్టులోంచే తెచ్చానని తల్లి మీద ఒట్టేశాడు. ముప్ఫై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నవాడు, ఒట్లకేం లోటు.

సెప్టెంబరు 22, శుక్రవారం

ఇవాళ ఏడు బోర్డులు.

పన్నెండింటికి నికానోర్ నా దగ్గరికొచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"దోన్యా ఒతీలియా, పొగని పైకి లాగే గాలి తగ్గినట్టుంది. సీలింగు మీద పైపు ఒకసారి విప్పి చూడాలి."

"గాలి కొలిచే ముల్లు ఎక్కడుంది?"

"ఆకుపచ్చలోనే ఉందండీ."

"మరి?"

"ముల్లు సంగతి పక్కన పెట్టండి. నాకెందుకో..."

"నికానోర్, ముల్లు బాగానే ఉంది. నేనూ చుట్టూ తిరిగి వాసన చూశాను. ఏమీ లేదు. పొగ బయటికొస్తుంటే ముందు పట్టుకునేది నేనే కదూ?"

వాడు నా మొహంలోకి అదోలా చూశాడు. ఓవెన్ మూతి దగ్గర కూర్చుని బోర్డులు తనిఖీ చేసే సిత్లాలీ అప్పుడే తలెత్తి, "పొద్దున కొంచెం ఘాటుగా..." అంటూ మొదలెట్టింది. "నువ్వు భూతద్దంలో చూడవలసింది బోర్డుల్ని, తల్లీ" అన్నాను. మళ్ళీ తల దించుకుంది. వాడు ముందే దానికి నూరిపోసి ఉంటాడు.

నన్నిక్కడ ముక్కమ్మ అంటారు. తొమ్మిదేళ్ళ కిందట మోటారు కాలబోతోందని యంత్రం కంటే పావుగంట ముందు వాసన పట్టి లైను ఆపించాను. తనిఖీకి వచ్చిన తెల్లాయన చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాతే రోజువారీ కాగితంలో 'వాసన' అని ఒక గడి పెట్టారు. అందులో నేను తప్ప ఎవరూ సంతకం పెట్టరు. అలాంటి నాకు, నిన్నగాక మొన్న వచ్చినవాడు పైపుల గురించి చెబుతాడు.

పైపు విప్పాలంటే లైను ఒక పూట ఆగాలి. ఆ పూటంతా వాడికి పని ఉండదు. అదీ సంగతి.

సెప్టెంబరు 26

సాయంత్రం అందరూ వెళ్ళాక ఓవెన్ చల్లబడే వైపు ముందు పలక స్క్రూ మీద గోళ్ళరంగు ఒక బొట్టు పెట్టాను. రేకులు తుడవాలంటే ఆ పలకే విప్పాలి, విప్పితే రంగు పగలాలి.

సెప్టెంబరు 27

కాగితం మీద సంతకం ఉంది. స్క్రూ మీద రంగు చెక్కుచెదరలేదు.

సెప్టెంబరు 28

చెక్కుచెదరలేదు.

సెప్టెంబరు 29

చెక్కుచెదరలేదు. సంతకం ఉంది. దొంగకి సంతకం అందంగా ఉంటే దొర అయిపోతాడా?

అక్టోబరు 2, సోమవారం

ఇంజనీరుగారికి చెప్పాను. ఫోనులో తీసిన ఫొటోలు వరసగా చూపించాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"వాడు అలాంటివాడిలా అనిపించలేదే, దోన్యా."

"ఎవరికి మాత్రం అనిపిస్తుంది?"

"వాణ్ణి అడిగారా?"

"అడిగితే ఏమంటాడు, తుడవలేదంటాడా?"

"వాసన సంగతేంటి? ఎవరో కళ్ళు మండుతున్నాయన్నారట."

"ఉల్లిపాయలు తరిగి వచ్చుంటారు. నేను సంతకం పెట్టానుగా."

ఆ మాటతో ఆయన ఫైలు మూసేశాడు. నా సంతకానికి ఇంకా విలువ ఉందన్నమాట.

అక్టోబరు 3

నికానోర్‌ని మూడు వారాలు ఇంట్లో కూర్చోమన్నారు. విచారణ అయ్యేవరకు. బీరువా ఖాళీ చేసుకుంటూ నన్ను చూసి ఆగాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"మీరు నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది."

"అడిగితే నిజం చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాదు, చూపించేవాణ్ణి."

ఏం చూపిస్తాడట?

అక్టోబరు 5, గురువారం

క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గర నుంచి ఇద్దరమ్మాయిలు లేచి అవతలి బల్లకి పోయారు. నవ్వుకుంటూ ముక్కు దగ్గర చెయ్యి ఊపుకున్నారు. నేను వాణ్ణి పంపించేశానని కోపం. వాడు వెళ్ళేముందు అందరితో ఒక్కొక్క మాట చెప్పి వెళ్ళినట్టున్నాడు.

ఇంటికొచ్చి చెబితే ఫిదెన్సియో, "అది కాదే ఒతీ, నువ్వీమధ్య సెంటు సీసా మీద ఒంపేసుకుంటున్నావు. నిన్న నీ పక్కన కూర్చుంటే నాకే తల తిరిగింది" అన్నాడు.

రెండు చుక్కలే రాసుకుంటాను. ఆ సెంటు కూడా ఇదివరకటిది కాదు, నీళ్ళు కలుపుతున్నారు. ఈయన కూడా వాళ్ళ పక్షమే.

అక్టోబరు 9, సోమవారం

వాడు లేడు. చుక్కలు ఉన్నాయి. ఇవాళ పదకొండు.

భోజనాలప్పుడు ఓవెన్ చల్లార్చి నేనే తుడుద్దామని పలక దగ్గర కూర్చున్నాను. స్క్రూ తిరగలేదు. తల పూర్తిగా అరిగిపోయి గుండ్రంగా ఉంది, ఏ పనిముట్టుకీ పట్టు దొరకదు. వెనకవైపు పలక తీసి చూస్తే రేకుల మీద గుడ్డతో తుడిచిన చారలు, మూలమూలలా. వాడు వెళ్ళాక పేరుకున్న పొర మాత్రమే పైన ఉంది.

దీనివల్ల ఏమీ రుజువు కాదు. ముందు పలకే విప్పాలని పుస్తకంలో ఉంది. వెనక నుంచి తుడిస్తే చెప్పాలి కదా. చెప్పాడా?

మేలో ఏదో స్క్రూ గురించి అన్నట్టు గుర్తు. ఏ స్క్రూ అని అన్నాడో గుర్తులేదు.

అక్టోబరు 12, గురువారం

మరియమాతని సపోపాన్ గుడికి తీసుకెళ్ళే ఊరేగింపు. తెల్లవారుజామునే ఫిదెన్సియోతో కలిసి నడిచాను. ఈకల కిరీటాల డాన్సు జట్ల వాళ్ళు పిడతల్లో సాంబ్రాణి వేసి ఊపుతూ మా పక్కనుంచే పోయారు. పొగ ముసురుకుంది. ముందున్న ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. నాకేమీ తెలియలేదు.

ఈమధ్య దేవుడి దగ్గర కూడా కల్తీ. వట్టి రంపంపొట్టు వేస్తున్నారు.

"ఎంత బావుందో చూడవే, చిన్నప్పటి వాసన" అన్నాడు ఫిదెన్సియో.

నేను అవునన్నాను. ఎందుకన్నానో తెలియదు.

అక్టోబరు 14, శనివారం

నికానోర్ మా ఇంటికొచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి. ఫిదెన్సియోకి వాడి మీద కోపం ఏం లేదు కాబట్టి లోపలికి పిలిచి కుర్చీ వేసి, "పులిసిన మొక్కజొన్న పానకం ఉంది, నిమ్మకాయ పిండి ఇవ్వనా?" అన్నాడు. వాడు వద్దని తల ఊపి, సంచిలోంచి రెండు చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకే కొలత, ఒకే మూత, రెండింట్లోనూ నీళ్ళలాంటిదే.

"దోన్యా, ఇందులో ఒకటి మనం రేకులు తుడిచే మందు. ఒకటి కుళాయి నీళ్ళు. ఏది ఏదో చెప్పండి. చెబితే నేను తుడవలేదని ఇప్పుడే రాసిచ్చి పోతాను."

"నా ఇంటికొచ్చి నాకే పరీక్ష పెడతావా?"

"ముక్కమ్మకి ఇదొక పరీక్షా?"

ఫిదెన్సియో నవ్వాడు. "చెప్పెయ్యవే, పోనీ."

ఎడమది మూత తీసి చూశాను. కుడిది చూశాను. మళ్ళీ ఎడమది. నా చేతులు సీసాల చల్లదనం తప్ప ఏమీ చెప్పలేదు. ఏది అనాలో తెలియక, ఎడమది వాడు మొదట పెట్టాడు కాబట్టి, కుడిదన్నాను.

"కుడిదే మందా? నిజంగానా?"

"చెప్పాను కదా."

వాడు కుడి సీసా తీసుకుని నోట్లో ఒంపుకుని గుటుక్కున మింగాడు. నేను కేక పెట్టాను. తర్వాత ఎడమది తీసుకుని అదీ తాగేశాడు. మూతలు రెండూ పెట్టి సంచిలో వేసుకున్నాడు.

"రెండూ నీళ్ళే" అన్నాడు.

ఫిదెన్సియో నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. నన్నే చూస్తున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాను.

"ఆగస్టులో నా చేతిలో మందు డబ్బా జారి పగిలింది. అందరూ కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు. మీరు అక్కడే నిలబడి కాగితం రాసుకుంటున్నారు. ఏమైందర్రా అన్నారు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీకు తెలుసనుకున్నాను. తర్వాత, తెలియదని అర్థమైంది. అప్పటికి భయం పట్టుకుంది. ముక్కమ్మకి ముక్కు లేదని నాలాంటివాడు చెబితే ఎవరు నమ్ముతారు?" లేచి నిలబడ్డాడు. "ముందు పలక స్క్రూ అరిగిపోయిందని మే నెలలోనే మీకు చెప్పాను. రోజూ వెనక నుంచే తుడుస్తాను. చుక్కలు రేకుల వల్ల కాదు దోన్యా, పొగ పైకి పోవడం లేదు. గదిలోకొస్తోంది. ఆ అమ్మాయిలందరూ దాన్నే పీలుస్తున్నారు. మీరు నా గురించి ఇంజనీరుగారికి చెప్పారు. నేను మీ గురించి ఎవరికీ చెప్పలేదు. కానీ మీరు చెప్పండి."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి ఫిదెన్సియోతో, "వస్తానండీ" అన్నాడు. నాతో అనలేదు.

అక్టోబరు 15

జలుబు. వానల్లో తడిశాను. ఇంతకుముందు కూడా ముక్కు పట్టేసేది, తర్వాత వదిలేది.

అక్టోబరు 16, సోమవారం

పనికెళ్ళాను. కాగితంలో వాసన గడి వచ్చేసరికి పెన్ను ఆగింది. 'లేదు' అని రాసి సంతకం పెట్టాను. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు.

నికానోర్‌కి నా మీద పగ. సీసాల్లో నిజంగానే నీళ్ళుంటే, నాకు వాసన రాకపోవడంలో వింతేముంది? నీళ్ళకి వాసన ఉండదు కదా.

అక్టోబరు 17

ఫిదెన్సియో బస్సు మీద ఉండగా వంటింట్లో కూర్చుని ఒక్కొక్కటే మూత తీశాను. వెనిగర్. వెల్లుల్లి దంచి చూశాను. బట్టల తెల్లమందు ముక్కుకి ఆనించుకుంటే లోపల సూదులు గుచ్చినట్టు మండింది, వాసన మాత్రం లేదు. కొత్తిమీర నలిపాను. కాఫీ డబ్బాలో మొహం పెట్టాను. ఆయన ఒట్టు నిజమే అయి ఉంటుంది. అదే కొట్టు, అదే కాఫీ.

చివరికి మంచం మీద ఆయన నిన్న విప్పిన చొక్కా తీసుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా డీజిలూ చెమటా కలిసిన ఆ వాసనని తిడుతూనే ఉన్నాను. చొక్కాలో మొహం దాచుకుని ఎంతసేపు పీల్చినా గుడ్డ తప్ప ఏమీ లేదు.

రేపు చెబుతాను.

అక్టోబరు 18, బుధవారం

చెప్పలేదు. పొద్దున ఇంజనీరుగారు మీటింగులో ఉన్నారు. తలుపు తట్టవచ్చు. తట్టలేదు.

పదింబావుకి సిత్లాలీ దగ్గడం మొదలెట్టింది. ఎప్పుడూ దగ్గేదే అనుకున్నారు. భూతద్దం వదిలేసి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. భుజాలు ఎగసిపడుతున్నాయి, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెదవులు నేరేడుపండు రంగు తిరిగాయి. బోర్డుల మీద సోల్డర్ పేస్టు అచ్చు వేసే యంత్రం దగ్గర పనిచేసే రెమెదియోస్ పరుగెత్తుకొచ్చి వెనక నుంచి పట్టుకుంది.

"దాని ఆయాసం పంపు! బీరువాలో ఉంది, నీలం సంచి! ఎవరైనా పరుగెత్తండే!"

ఎవరో తెచ్చారు. నాలుగుసార్లు నొక్కినా తేరుకోలేదు. నేను దాన్ని చేతుల్లో మోసి తలుపు బయటికి తీసుకుపోయాను. ఇద్దరు పిల్లల తల్లి, పిట్టంత బరువుంది. అంబులెన్సు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. నా చెయ్యే ఎందుకు పట్టుకుందో.

తిరిగొచ్చాక లైను ఆపించి అందరినీ ఓవెన్ దగ్గర నిలబెట్టాను.

"ఇక్కడ ఎవరికి వాసన వస్తోంది? నిజం చెప్పండి. ఎవరినీ ఏమీ అనను."

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదట రెమెదియోస్ ఎత్తింది చెయ్యి. తర్వాత ఒకటి, ఒకటి, మళ్ళీ ఒకటి. పదిహేడుమంది ఉన్నారు. పదిహేడు చేతులు లేచాయి.

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచీ" అంది రెమెదియోస్.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పకేం తల్లీ! ఎన్నిసార్లు చెప్పాం! మీరు ముక్కు పైకెత్తి అటూ ఇటూ చూసి, ఏమీ లేదు పొండర్రా అన్నారు. మీకే లేదంటే మా ముక్కుల్లోనే ఏదో తేడా అనుకున్నాం. నేనైతే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని మా ఆయన్ని అడిగాను కూడా."

ఎవరూ నవ్వలేదు.

నాకు శనివారమే తెలుసు. ఇవాళ బుధవారం.

అక్టోబరు 19, గురువారం

పొద్దున్నే ఇంజనీరుగారికి మొత్తం చెప్పేశాను, నిలబడే. సీసాల సంగతి కూడా. ఆయన ముందు పైపు చూద్దామన్నాడు.

సీలింగు పలకలు తీసి, పైపు మలుపు దగ్గర బిగింపు విప్పారు. పనివాడు సుత్తితో ఒక దెబ్బ వేస్తే మోగలేదు, రాయిలా పలికింది. లోపలంతా ముదిరి గడ్డకట్టిన బెల్లంపాకం. ఇంత లావు పైపులో పిడికిలి పట్టేంత సందు మిగిలింది. గాలి కొలిచే ముల్లుకి పోయే సన్నగొట్టం కూడా జిగురుతో మూసుకుపోయింది. అందుకే ముల్లు ఆకుపచ్చలో అతుక్కుని కూర్చుంది. ఆ మలుపు తుడవడం ఎవరి పనో ఎక్కడా రాసిలేదు. భవనం వాళ్ళు మాదనుకున్నారు, మేం భవనం వాళ్ళదనుకున్నాం. ఏడేళ్ళు.

ఇందుకే నికానోర్ ఒక పూట అడిగాడు.

సాయంత్రం ఇంజనీరుగారు గదికి పిలిచి తలుపు వేశాడు. కాఫీ ఇచ్చాడు. పదహారేళ్ళలో మొదటిసారి.

"పైపు సంగతి పూర్తిగా రాద్దాం. నికానోర్‌ని వెనక్కి పిలుద్దాం. మీ ముక్కు సంగతి మాత్రం కాగితం మీదికి వద్దు."

"ఎందుకండీ?"

"మీ మంచికే చెబుతున్నాను. ఆరోగ్యం బాగాలేదని తెలిస్తే మిమ్మల్ని ఎక్కడ వేస్తారో."

"అంతేనా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "మీకు వాసన ఎప్పట్నుంచి రావడం లేదో అప్పట్నుంచి మీరు సంతకం పెట్టిన ప్రతి లాటు బోర్డులూ అనుమానంలో పడతాయి. చుక్క పైకి కనబడినవి తీసేశాం. చిప్ కింద చేరినవి? అవన్నీ వెనక్కి తెప్పించాలి. కొన్ని ఇప్పటికే పంపుల్లో ఉన్నాయి దోన్యా."

"పంపులు రోగుల చేతులకి ఉంటాయి కదండీ."

"నాకు తెలియదనుకున్నారా?" అని గట్టిగా అని, వెంటనే గొంతు తగ్గించాడు. "ఒక్క రాత్రి ఆలోచించుకోండి."

నెల రోజులుగా నేను అనుమానించని మనిషి లేడు. నికానోర్, సిత్లాలీ, ఫిదెన్సియో, కాఫీ కొట్టువాడు, సాంబ్రాణి వేసేవాళ్ళు. అనుమానించాల్సిన ఒక్క మనిషి జోలికి మాత్రం పోలేదు, నా జోలికి. ఇప్పుడీ ఇంజనీరుగారి మంచితనాన్ని అనుమానించాలా వద్దా అని కూర్చున్నాను. ఆయన చెడ్డవాడు కాడు. భయపడ్డాడు, నాలాగే.

ఈ డైరీ వెనక్కి తిప్పాను. పాత పుస్తకం కూడా తీశాను. జూన్ 11: 'ఈ ఏడు మామిడిపండ్లకి వాసన లేదు, మందు వేసి మగ్గబెడుతున్నారు.' అంతకుముందు, మే 28: 'వాన పడింది, మట్టివాసన బావుంది.'

మే 28కీ జూన్ 11కీ మధ్య.

అక్టోబరు 20

రెండు కాగితాలు రాశాను. ఒకటి నికానోర్ గురించి. ఒకటి నా ముక్కు గురించి, మే 28 అని తేదీ వేసి. భద్రత కమిటీకి ఒక ప్రతి, ఇంజనీరుగారికి ఒక ప్రతి. ఆయన చదివి, పైన తానూ సంతకం పెట్టి పంపించాడు. ఆ సంతకం ఆయనకి తేలిక కాదు.

అక్టోబరు 23, సోమవారం

నికానోర్ వచ్చాడు. షిఫ్టు మొదలయ్యేముందు అందరూ గుమిగూడి నిలబడే చోట నన్ను పక్కకి పిలిచి, "కాగితం రాశారని తెలిసింది. నన్ను పంపించినప్పుడు కాగితంతో పంపించలేదు. అందరి ముందూ పంపించారు" అన్నాడు.

అర్థమైంది. కాగితాలు తీసి అందరి ముందూ చదివాను. నికానోర్ రోజూ తుడిచాడని, స్క్రూ అరిగిపోయిందని నాకు ముందే చెప్పాడని, అడగకుండా నేను దొంగచాటుగా రంగు పెట్టి వాడి మీద నేరం మోపానని, వాసన చూడలేని నేను వాసన లేదని సంతకాలు పెట్టానని. రంగు సంగతి వచ్చేసరికి వెనక ఎవరో "అమ్మో!" అన్నారు. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలెట్టాను. ఎవరూ నీళ్ళివ్వలేదు, ఇవ్వకపోవడమే మంచిదైంది.

చదివాక వాడి వైపు చూశాను.

"విన్నాను" అన్నాడు. "ఇక ఓవెన్ వేడెక్కించాలి, టైమైంది."

అంతే. కౌగిలింతలూ కన్నీళ్ళూ ఏమీ లేవు. వాడు ఇప్పుడు మూడు ఓవెన్లకీ పెద్ద. నేను వాడి కింద.

నవంబరు 2, గురువారం

చనిపోయినవాళ్ళ పండుగ. మా అమ్మ ఫొటో ముందు బంతిపూలు పరిచాను. ఆ వాసన పట్టుకునే ఆత్మలు ఇంటికి దారి వెతుక్కుంటాయంటారు. బాగా వస్తోందా అని ఫిదెన్సియోని అడిగాను. వీధి చివరిదాకా వస్తోందన్నాడు. నమ్మాను.

డాక్టరు చెప్పింది: పొగ వల్ల కావచ్చు, మరొకటి కావచ్చు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. రాసిచ్చిన పరీక్షలకి వెళ్తున్నాను.

బోర్డులు పెట్టెలు పెట్టెలుగా వెనక్కి వస్తున్నాయి. నాలుగువేల పైచిలుకు. కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ మళ్ళీ పరీక్షిస్తున్నాం. ఇప్పటిదాకా చెడ్డవి ముప్ఫై ఒకటి. రోగి చేతికి ఉన్నప్పుడు ఆగిపోయిన పంపు ఏదీ లేదని ఇంజనీరుగారు చెప్పాడు. ఇంకా రావాల్సినవి ఉన్నాయి.

నవంబరు 8, బుధవారం

సిత్లాలీ పనిలోకి వచ్చి మూడు రోజులు. నాతో మామూలుగానే మాట్లాడుతోంది. అదే కష్టంగా ఉంది నాకు.

ఇవాళ పదకొండున్నరకి నికానోర్ గోదాముకి వెళ్ళాడు. నేను ఓవెన్ దగ్గర ఒక్కదాన్నే ఉన్నాను. సిత్లాలీ అద్దం మీంచి తలెత్తింది, నన్ను చూసి మళ్ళీ దించుకుంది. మళ్ళీ ఎత్తింది.

"ఏమే?" అన్నాను.

"ఏం లేదు దోన్యా. నాకే అనిపిస్తోందేమో."

"ఏమనిపిస్తోంది?"

"ఘాటుగా... కొంచెం. మిగతావాళ్ళెవరూ అనడం లేదు. వదిలెయ్యండి."

కొత్త ముల్లు చూశాను. ఆకుపచ్చ. పైపు చూశాను. కొత్తది, మెరుస్తోంది. బోర్డుల మీద చుక్క లేదు. నా ముక్కు చెప్పేది ఏమీ లేదు. లైను ఆగితే గంటకి ఎన్ని బోర్డులు పోతాయో నాకు తెలుసు, ఈ వారం ఎంత వెనకబడి ఉన్నామో కూడా తెలుసు. సిత్లాలీ చేతులు బల్ల అంచు మీద ఉన్నాయి.

ఆపేశాను.

ఇంజనీరుగారు మెట్లు దిగుతూనే అరిచాడు. "ఎవరాపారు? ఏమైంది?"

"నేనే. వాసన వచ్చింది."

"ఎవరికి?"

"సిత్లాలీకి."

"ఇంకెవరికైనా?"

"లేదండీ."

"మీకు?"

"నాకు రాదు కదండీ."

నికానోర్ వచ్చి ఓవెన్ చుట్టూ తిరిగి, పైకెక్కి పైపు బిగింపులన్నీ చూసి, వరండాలోకి పోయి వెనక్కొచ్చాడు. నలభై నిమిషాలు పట్టింది. ఓవెన్‌లో ఏమీ లేదు. వరండాలో నేల తుడిచే ఆవిడ కొత్త మందు నీళ్ళు కలపకుండా పోసింది, తలుపు సందులోంచి ఆ ఘాటు వచ్చింది. అంతే.

ఇంజనీరుగారు గడియారం చూసుకుంటూ మెట్లెక్కిపోయాడు. ఎంత మండిపోతున్నాడో ఆ వీపు చూస్తే తెలిసింది. నికానోర్ ఓవెన్ మళ్ళీ వేడెక్కించాడు.

సిత్లాలీ మొహం కందగడ్డలా ఎర్రబడింది. "తిట్టించాను మిమ్మల్ని. ఊరికే ఆపించాను దోన్యా, సారీ."

"ఊరికే కాదు. నీకు వాసన వచ్చిందా లేదా?"

"వచ్చింది. కానీ వేరేది కదా."

"వేరేదని చూస్తేనే కదా తెలిసింది. రేపు వస్తే రేపూ చెప్పు."

"రేపు కూడా తప్పయితే?"

"రేపు కూడా ఆపుతాను."

నా మొహంలోకి కాసేపు చూసింది, నేను నిజంగా అంటున్నానా అన్నట్టు. తర్వాత అద్దం దగ్గరికి లాక్కుని, మొదటి బోర్డు చేతిలోకి తీసుకుంది.